మంత్రాలయం నుంచి ఓర్వకల్లు దాకా

మంత్రాలయం,
గురువారం

అమ్మా,

మొక్కు తీరింది. తెల్లవారుజామునే తుంగభద్రలో మునిగి, ముందు మంచాలమ్మను చూసుకొని, తర్వాత రాఘవేంద్రస్వామి బృందావనానికి పోయినాను. గురువారం కదా, మఠం కిటకిటలాడింది. నీకు పరిమళ ప్రసాదం తీసిపెట్టినాను.

నిన్న రైల్లో ఆదోని దాటినాక పక్కనున్న పెద్దాయన ఫోన్‌లో వచ్చిన టికెట్ మెసేజి చూపించి, "ఇందులో మంత్రాలయం ఏది నాయనా?" అన్నాడు. ఎం.ఏ.ఎల్.ఎం. అని ఉంది. అదే మంత్రాలయం రోడ్డు స్టేషను అని చెబితే నెమ్మదించినాడు. ఆదోనికి ఏ.డి., గుంతకల్లుకు జి.టి.ఎల్., మన కడపకు హెచ్.ఎక్స్. ఇవి మన రైళ్ల వరకే. విమానాల సంగతి వేరు. అవి దేశాలు దాటిపోతాయి గనుక, లోకంలో ఏ రెండు విమానాశ్రయాలకూ ఒకే మూడక్షరాలు ఉండకూడదు. కర్నూలుకు కుదిరేట్టు కనిపించే కె.ఆర్.ఎన్. అంటే స్వీడన్ ఉత్తరాన మంచులో ఉండే కిరూనా ఊరు. మన కర్నూలుది, అంటే ఓర్వకల్లు విమానాశ్రయానిది, కె.జె.బి.

ఓర్వకల్లు విమానాశ్రయం,
శనివారం

అమ్మా,

చెన్నై విమానానికి ఇంకా టైముంది. కౌంటర్లో అమ్మాయి పెట్టె తూచి, పొడవాటి చీటీని పిడికి చుట్టి అంటించింది. నా పేరు సన్నగా ఉంది, ఎం.ఏ.ఏ. మాత్రం ఇంత లావున ఉంది. కింద బార్‌కోడు, పది అంకెలు. మిషన్లు చదివేది ఆ గీతల్ని. అవి నలిగి చెడిపోతే, సామాను మోసేవాళ్లకు ఆ మూడక్షరాలే దిక్కు. ఊరి పేరు మారినా వీటిని అంత తేలిగ్గా మార్చరు. మద్రాసు 1996లో చెన్నై అయినా ఎం.ఏ.ఏ. అట్లే ఉంది. కడపకు ఇప్పటికీ సి.డి.పి., తెల్లదొరలు రాసిన కడ్డపా. పైలట్లకు ఇంకో నాలుగక్షరాల కోడు ఉంటుంది. ఇక్కడిది వి.ఓ.కె.యు., శంషాబాదుది వి.ఓ.హెచ్.ఎస్. రెండింటికీ మొదట ఉన్న వి.ఓ. దక్షిణ భారతానికి గుర్తు.

2021 మార్చిలో తెరిచిన ఈ విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టినారు. 1847లో కోయిలకుంట్లలో ఉరి తీసిన మన రేనాటి వీరుడి పేరు ఇక్కడ చదివితే ఒళ్లు పులకరించింది. మూడక్షరాల్లో ఆయన జాడ లేదు. ఇక్కడ దిగే పిల్లలకు ఆయనెవరో మనమే చెప్పాలి.

డల్లాస్ నుంచి అన్న ఫోన్ చేస్తే చెప్పు. మంత్రాలయానికి విమానం లేదు. డి.ఎఫ్.డబ్ల్యు. నుంచి హెచ్.వై.డి.కి టికెట్ తీసుకొని, హైదరాబాదులో రైలెక్కి ఎం.ఏ.ఎల్.ఎం.లో దిగమను.

నీ కొడుకు