బయానాకు ముందు ప్రార్థన

ధ్యాన భాగము: యెహోషువ 9:3–16



మన పల్లె సంఘాల్లో ఒక మంచి అలవాటు ఉంది. ఎవరైనా బండి కొంటే ఇంటికి తీసుకుపోకముందే మందిరం ముందుకు తెస్తారు. తాళం చెవి మా చేతిలో పెడతారు. బానెట్ మీద చేతులుంచి ప్రార్థన చేస్తాము, పిల్లలకు మిఠాయి పంచుతారు. మంచిదే. కానీ ఇన్నేళ్ల సేవలో మేము గమనించింది ఒకటుంది. బండి కొన్న తర్వాత ప్రార్థనకు తెచ్చేవారు చాలామంది, కొనకముందు అడిగేవారు బహు కొద్దిమంది. పాత బండి విషయంలో ఇది మరీ నష్టం. పైసలు ఇచ్చేసిన తర్వాత చేసే ప్రార్థనలో కృతజ్ఞత సగం, భయం సగం ఉంటాయి.

పాత కారు కొనడం గురించి వాక్య ధ్యానంలో ఏముంటుందని కొందరు అనుకోవచ్చు. మన నిర్మల్ జిల్లాలో ఆ కారు వెనుక ఏ పైసలు ఉంటాయో ఆలోచించండి. దుబాయిలోనో, సౌదీలోనో ఎండలో పనిచేసి పంపిన పైసలు. ఇంటి దగ్గర తల్లి, అక్క వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కగట్టి చుట్టి కూడబెట్టిన పైసలు. పత్తి అమ్మితే అప్పులు పోను మిగిలిన పైసలు. అవి ఒక సాయంత్రం ఒక సంతకంతో చేయి మారుతాయి. అక్కడ దేవుని వాక్యానికి పని లేదనడం సరికాదు.

యెహోషువ గ్రంథంలో గిబియోనీయుల సంగతి మీకు తెలిసిందే. వారు పక్క ఊరివారే. కానీ దూరదేశం నుండి వచ్చినట్టు పాత గోనెలు, చినిగి కుట్టిన ద్రాక్షారసపు తిత్తులు, మాసికల చెప్పులు, బూజు పట్టిన రొట్టెలతో వచ్చారు. ఇశ్రాయేలీయులు అసలు చూడకుండా నమ్మలేదు. వారి ఆహారాన్ని చేతిలోకి తీసుకొని మరీ చూశారు. కానీ దేవుని దగ్గర విచారణ చేయలేదు. మూడు రోజులకు నిజం బయటపడింది. అప్పటికే ప్రమాణం అయిపోయింది, దాన్ని తప్పడానికి వీలు లేకపోయింది. వారు దగ్గరి ఊరిని దూరదేశమని చూపించారు. మన బజారులో పాతదాన్ని కొత్తదని చూపిస్తారు. మోసం మాత్రం ఒకటే, మూడు రోజులకు బయటపడేదీ ఒకటే.

ఇంకో మాట కూడా అక్కడ ఉంది. గిబియోనీయులు మీ దేవుని నామమును గూర్చి విని వచ్చామన్నారు. దేవుని పేరు ఎత్తేసరికి పెద్దల మనసు మెత్తబడింది. ఈ మాట మాకు పోయిన సంవత్సరం బాగా యాదికొచ్చింది.

మా సంఘంలో ఒక తమ్ముడు గల్ఫ్ నుండి తిరిగి వచ్చాడు. తల్లికి వారానికి రెండుసార్లు డయాలసిస్. తెల్లవారుజామున పల్లె నుండి ఆటోలో, బస్సులో తీసుకుపోవడం ఆమెకు చేతకావడం లేదు. అందుకని ఒక పాత కారు కొనాలనుకున్నాడు. వచ్చి మమ్మల్ని ప్రార్థన చేయమన్నాడు. ప్రార్థన చేశాము. ఆ తర్వాత మా సంఘంలోనే మెకానిక్ షెడ్డు నడుపుకొనే ఒక అన్నను వెంటబెట్టుకొని ముగ్గురం బయలుదేరాము.

మొదటి బండి తెల్లగా మెరుస్తూ ఉంది. అమ్మే మనిషి మమ్మల్ని చూడగానే "ప్రైజ్ ది లార్డ్ అయ్యగారూ" అన్నాడు. "మేము కూడా ప్రార్థనకు పోయేటోళ్లమే. ఒక్కటే ఓనర్. కండ్లు మూసుకొని తీసుకోన్రి" అన్నాడు. కండ్లు మూసుకునేది ప్రార్థనలో కదా, బండి దగ్గర కాదు. మెకానిక్ అన్న మొదట బానెట్ మీద చెయ్యి పెట్టాడు. ప్రార్థన కోసం కాదు. బానెట్ వేడిగా ఉంది. మేము రాకముందే బండిని స్టార్ట్ చేసి తిప్పి పెట్టారన్నమాట. ఇంజన్ లోపం చల్లగా ఉన్నప్పుడే తెలుస్తుంది. అందుకే బండిని పొద్దున్నే, తాళం తిప్పకముందే చూడాలి. మొదటి స్టార్టింగ్‌లో సైలెన్సర్ నుండి నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోందని అర్థం. తెల్లపొగ వేడెక్కినా ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతున్నదేమో చూడాలి. ఆయిల్ పోసే మూత విప్పితే అడుగున మీగడలాంటిది కనిపిస్తే అదీ మంచి గుర్తు కాదు.

తర్వాత ఆ అన్న జేబులో నుండి ఒక చిన్న అయస్కాంతం తీసి, పల్చటి గుడ్డ చుట్టి, డోర్ల మీద, మడ్‌గార్డ్ మీద ఆనించి చూశాడు. ఎడమవైపు వెనుక డోరు మీద అది అంటుకోలేదు. అంటే అక్కడ రేకు మీద దళసరిగా లప్పం ఉంది. నిర్మల్ వాళ్లకు లప్పం సంగతి వేరే చెప్పాలా? మన కొయ్యబొమ్మల కళాకారులు పొనికి కర్ర ముక్కలను అతికి, చింతగింజల లప్పం పూసి, నున్నగా చేసి రంగులు వేస్తారు. అతుకు ఎక్కడుందో కనిపించదు. అది వారి పనితనం, అందులో మోసమేమీ లేదు. బొమ్మ కొనేవాడికి అది కొయ్యబొమ్మ అని తెలుసు. కారు డోరు మీద లప్పం మాత్రం యాక్సిడెంట్‌ను దాచడానికి పెడితే, అది పనితనం కాదు, అబద్ధం.

మీటరు నలభై వేల కిలోమీటర్లు కూడా చూపడం లేదు. బ్రేక్ పెడల్ రబ్బరు మాత్రం అరిగి నున్నగా అయింది, స్టీరింగ్ తోలు మెరుస్తోంది. మీటరు తిప్పవచ్చు గానీ మనిషి కాలు అరగదీసిన రబ్బరును ఎవరూ వెనక్కి తిప్పలేరు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 3219 అని ఉంటే 2019లో 32వ వారంలో తయారైందని అర్థం. బండి వయసుకు, మీటరుకు, టైరు వయసుకు పొంతన ఉండాలి. తాళం తిప్పగానే ఇంజన్, ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక లైట్లు ఒకసారి వెలిగి ఆరిపోవాలి. అసలే వెలగకపోతే ఎవరో వైరు తీసేసి ఉండవచ్చు.

నీళ్లలో మునిగిన బండ్ల గురించి కూడా జాగ్రత్త. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు, 2021 జులైలో మన నిర్మల్ పట్టణంలోని కాలనీలు నీటిలో మునగడం మనం చూశాము. అటువంటి బండిని కడిగి ఆరబెట్టి అమ్మితే పైకి తెలియదు. సీట్ బెల్టును చివరిదాకా బయటికి లాగండి, లోపలి భాగంలో ఒండ్రు మరక ఉంటుంది. కింది కార్పెట్ ఎత్తి వాసన చూడండి. సీటు కింది పట్టాలకు తుప్పు ఉందేమో చేత్తో తడమండి.

మా తమ్ముడి మనసు అప్పటికే ఆ తెల్ల బండి మీద పడింది. ఇంకొకరు చూసిపోయారు, ఇప్పుడే బయానా ఇస్తే మీకే ఇస్తానని అమ్మే మనిషి తొందరపెట్టాడు. తొందరపెట్టే బండిని వదిలేయడమే మంచిది. ఎవరినీ ఏమీ అనకుండా వందనాలు చెప్పి వచ్చేశాము. దారిలో తమ్ముడు మాట్లాడలేదు. "అయ్యగారూ, ఆయన కూడా విశ్వాసే అన్నాడు కదా" అని మాత్రం ఒకసారి అన్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

రెండవ బండి నిర్మల్‌లోనే ఒక రిటైరైన సారుది. ఆయన మన విశ్వాసం కాదు. డోరు మీద గీతలు ఉన్నాయి, రంగు వెలిసింది. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, మేము అడగకముందే మొదలుపెట్టాడు. "పిల్లకు సంబంధం మాట్లాడేటప్పుడు చెప్పినట్టు చెప్తున్న, దాపరికం లేదు. క్లచ్ ప్లేట్ అయిపోవస్తున్నది. ఏసీ అంతంత మాత్రమే. ఒకసారి వెనుక నుండి ఆటో తగిలితే బంపర్ మార్చిన" అన్నాడు. ఒక ఫైల్ తెచ్చి సర్వీసు బిల్లులన్నీ ముందర పెట్టాడు. ఇన్సూరెన్స్ పేపర్ మీద నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉంది. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ చేయనివారికే ఆ శాతం వస్తుంది. ఇది ఆయన మాటకు రెండవ సాక్షి. బండిని మహబూబ్ ఘాట్ ఎక్కించి దించాము. ఇంజన్ వేడెక్కలేదు, క్లచ్ మాత్రం ఆయన చెప్పినట్టే జారింది.

ధర దగ్గర మా తమ్ముడు బజారు పద్ధతి మొదలుపెట్టాడు. "రంగు పోయింది, ఏసీ లేదు, ఇది ఏం బండి సార్" అని. సామెతల గ్రంథం 20వ అధ్యాయం 14వ వచనంలో కొనేవాని గురించి ఉన్న మాట ఇదే. కొనేటప్పుడు చెడ్డది చెడ్డదంటాడు, పక్కకు పోయిన తర్వాత మంచి బేరం చేశానని గొప్ప చెప్పుకుంటాడు. అబద్ధం ఎప్పుడూ అమ్మేవాడి నోట్లోనే ఉండదు. మేము తమ్ముణ్ణి ఆపాము. క్లచ్ మార్చడానికి ఎంత అవుతుందో మెకానిక్ అన్న లెక్క చెప్పాడు. ఆయన అడిగిన 2,65,000లో అంతవరకే తగ్గించమన్నాము. 2,50,000కు ఒప్పుకున్నారు. అబ్రాహాము మక్పేలా గుహ కొన్నప్పుడు ఎఫ్రోను ఊరికే ఇస్తానన్నా తీసుకోలేదు. ఊరి గవినిలో అందరూ వినుచుండగా 400 తులముల వెండి తూచి ఇచ్చాడు. పొలము, గుహ, చెట్లు అన్నీ పేరు పేరున ఆ ఒప్పందంలో ఉన్నాయి.

ఇక కాగితాలు. యిర్మీయా చెరసాల ప్రాకారములో ఉండి, యెరూషలేము ముట్టడిలో ఉండగా అనాతోతు పొలాన్ని 17 తులముల వెండికి కొన్నాడు. దేశమే పోతోంది, కాగితం ఎందుకని అనుకోలేదు. సంతకం చేసి, సాక్షులను పెట్టి, ముద్ర వేసిన పత్రాన్నీ తెరిచి ఉన్న పత్రాన్నీ మంటికుండలో దాచమన్నాడు. విశ్వాసం ఉన్నవాడే కాగితం సరిగ్గా రాయించుకున్నాడు.

మనమూ అలాగే చేయాలి. ఆర్సీ మీద ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోల్చాలి. పెండింగ్ చలాన్లు పోలీసు వెబ్‌సైట్‌లో చూడాలి. ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉంటే అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చిన ఎన్ఓసీ, ఫారం 35 లేకుండా బయానా ఇవ్వవద్దు. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 కావాలి. భైంసా దాటితే మహారాష్ట్ర కదా, నాందేడ్ వైపు నుండి ఎంహెచ్ 26 బండ్లు తక్కువ ధరకు వస్తుంటాయి. ఢిల్లీ బండ్లూ వస్తాయి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పాక చాలా బండ్లు ఇటు దిగాయి. వేరే రాష్ట్రం బండికి అక్కడి ఆఫీసు ఎన్ఓసీ ఫారం 28 కావాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి. ఆ ఖర్చు కలుపుకున్నాక అది తక్కువ ధరో కాదో తేలుతుంది. గోపురం కట్టేవాడు ముందు కూర్చుండి లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన మాట లూకా 14లో ఉంది. సొంత బండి కాగితాలతో కిరాయికి తిప్పడం కూడా చట్టానికి విరుద్ధం. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర అదే అడ్డం వస్తుంది.

అన్నిటికంటే మించి పేరు మార్పించండి. రాష్ట్రం లోపల అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని మోటారు వాహనాల చట్టంలో ఉంది. ప్రమాదం జరిగిన రోజున ఆర్సీలో ఎవరి పేరుంటే వారే ఓనరని, నష్టపరిహారం బాధ్యత వారిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి పేరు మార్చకుండా తిరగడమంటే మనల్ని నమ్మి బండి ఇచ్చిన మనిషి మెడకు మన భారం కట్టడమే. మా తమ్ముడు ఆ వారంలోనే సారును వెంటబెట్టుకుపోయి పని పూర్తి చేశాడు. మెకానిక్ అన్నకు కూలి కూడా ఇచ్చాడు. సంఘం మనిషే కదా అని పని ఉచితంగా చేయించుకోవద్దు.

ప్రియులారా, మేము ఈ సంగతిని ఆదివారం ఆరాధనలో చెప్పినప్పుడు ఎవరూ తల ఎత్తలేదు. మన దేవుని నామం ఎత్తినవాడు లప్పం దాచాడు. మన దేవుని ఎరుగని సారు క్లచ్ సంగతి ముందే చెప్పాడు. ఊళ్లో ఏ మాట మిగులుతుంది? మనం కరపత్రాలు పంచే ఇళ్లలోనే మన బండ్లు, మన బర్రెలు, మన పాత ఫోన్లు అమ్ముడుపోతాయి. మనం ఆదివారం చెప్పినదాన్ని వాళ్లు సోమవారం తూచి చూస్తారు. అన్యాయపు త్రాసు దేవునికి అసహ్యమని మనకు తెలుసు. లోపం దాచి పలికిన ధర కూడా అన్యాయపు త్రాసే.

కనుక ఈ వారం మీలో ఎవరైనా ఏదైనా అమ్ముతుంటే, అడగకముందే దాని లోపం చెప్పండి. రెండు వేలు తగ్గుతాయి, తగ్గనివ్వండి. కొంటుంటే బయానా ఇవ్వకముందే ప్రార్థించి, చూసి, అడిగి, తెలిసినవారికి చూపించండి. దేవుని దగ్గర విచారించడమంటే మోకాళ్ల మీద కూర్చోవడం, లేచి బానెట్ ఎత్తి చూడడం రెండూ.

ప్రార్థన: తండ్రీ, కష్టపడి కూడబెట్టిన నీ బిడ్డల పైసలను మోసం నుండి కాపాడుము. కొనుచోట మాకు వివేచన, అమ్ముచోట మాకు యథార్థత దయచేయుము. మా ఇరుగుపొరుగువారు మా మాటను నమ్మునట్లు మమ్మును నడిపించుము. రోగులను మోసుకొని పోవు ప్రతి బండిని దారిలో కాపాడుమని యేసు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.