తోప్ వెనక పిల్లాడు

మొన్న ఇషా నమాజ్ చదివి ఇంటికొచ్చేసరికి మా చిన్నోడు మంచం మీద బోర్లా పడుకుని ఫోన్‌లో జంగ్ చేస్తున్నాడు. పదో తరగతి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఫోన్ లాక్కోబోతే, "అబ్బా, ఒక్క నిమిషం! యే దేఖో, ఎయిటీ ఎయిట్! జర్మనీ వాళ్ల తోప్. దీని ముందు ఏ విమానమూ నిలవదు" అన్నాడు. వాడి కళ్లల్లో మెరుపు చూసి నాకు గుస్సా పోయి ఫికర్ పట్టుకుంది.

ఆ రాత్రి నిద్ర రాలేదు. ఆ తోప్ సంగతేమిటో కూర్చుని చదివాను. ఫజర్ తర్వాత చాయ్ తాగుతూ వాణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"నువ్వు చెప్పింది నిజమే బేటా. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ తోప్‌కు చాలా పేరు. 88 మిల్లీమీటర్ల గొట్టం. ఒక్కో గుండు 9 కిలోల పైమాటే. నిమిషానికి 15, 20 గుళ్లు పేల్చేది. మరి దాని వెనక ఎవరు నిలబడ్డారో ఫోన్‌లో చూపించారా?"

"సిపాయిలు."

"మొదట్లో సిపాయిలే. వాళ్లను రష్యా మోర్చాకు పంపేశాక తోపుల దగ్గర మనుషులు చాల్లేదు. అప్పుడు హిట్లర్ హుకూమత్ హైస్కూలు పిల్లల్ని పిలిపించింది. 1943 ఫిబ్రవరి 15 నుంచి, 1926లో, 1927లో పుట్టినవాళ్లను. అంటే నీకంటే ఏడాదో రెండేళ్లో పెద్దవాళ్లు."

వాడు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

యుద్ధం ముగిసేలోపు అట్లా 2 లక్షల మంది దాకా పిల్లలు తోపుల దగ్గరికి వెళ్లారంటారు. రాత్రంతా డ్యూటీ. పగలు ఉస్తాదులు తోపుల దగ్గరికే వచ్చి పాఠాలు చెప్పేవాళ్లు. 2005లో పోప్ అయిన బెనెడిక్ట్ కూడా 16 ఏళ్ల వయసులో మ్యూనిక్ దగ్గర ఈ పనిలోనే ఉన్నాడు. అంత చేసినా ఒక్క విమానం కూలాలంటే వేల గుళ్లు కాల్చాల్సి వచ్చేది. హాంబర్గ్ చుట్టూ ఎన్నో తోపులు ఉన్నాయి. అయినా 1943 జూలై చివరి వారంలో ఆ ఒక్క షహర్‌లోనే 30 వేల మందికి పైగా చనిపోయారు.

"మరి మన దగ్గర తోపులు ఉండేవా అబ్బా?"

ఈ సవాల్ కోసమే నేను కాచుకుని ఉన్నాను.

ఇంగ్లీషు వాళ్ల దగ్గర తోపులు లేక కాదు. హాంగ్‌కాంగ్‌లో, సింగపూర్‌లో వాళ్ల విమాన విధ్వంసక తోపుల వెనక నిలబడింది చాలావరకు మనవాళ్లే, పంజాబీ ముసల్మానులూ సిక్కులూ. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. ఏప్రిల్ 5న కొలంబో మీద బాంబులు పడ్డాయి. మర్నాడు, ఏప్రిల్ 6న, ర్యూజో అనే జపాన్ నౌక మీంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద పడ్డాయి. వాటిని ఆపగలిగే రక్షణ ఆ తీరానికి లేదు. పోయిన వేసవిలో విశాఖ బీచ్ రోడ్డు మ్యూజియంలో వీడు సెల్ఫీ దిగింది ఆనాటి బాంబు పక్కనే. ఆ మాట గుర్తుచేస్తే తల దించుకున్నాడు.

రెండు రోజుల్లో ఆ ఖౌఫ్ మద్రాసుకు పాకింది. జపాన్ నౌకలు వచ్చేస్తున్నాయని అఫ్వా. అవసరం లేనివాళ్లు ఊరు వదిలిపొమ్మని సర్కారు వారే చెప్పారు. హైకోర్టును కోయంబత్తూరుకు మార్చారు. బాంబులు పడి బోన్లు పగిలితే బయటికొస్తాయని జూలోని పులుల్ని, సింహాల్ని కాల్చి చంపేశారు. జపాన్ ఫౌజ్ మాత్రం రానేలేదు. 1943 అక్టోబరులో ఒకే ఒక్క విమానం వచ్చి, హార్బర్ వైపు బాంబులేసి పోయింది.

మద్రాసు వదిలిన జనంలో ఎంతోమంది రాయచూరు లైనులో వచ్చారు. ఆ లైను మన రేణిగుంట మీదుగానే పోతుంది. మా నానా అప్పుడు ఇక్కడే పాయింట్స్‌మన్. నానీమా 17 ఏళ్ల కొత్త పెళ్లికూతురు. మా చిన్నప్పుడు ఆమె ఈ కిస్సా ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. రాత్రిళ్లు లాంతరుకు నల్లగుడ్డ చుట్టేవాళ్లంట. బండి ఆగితే పెట్టెల నిండా ఆడవాళ్లు, పిల్లలు, ట్రంకు పెట్టెలు, కోళ్లు. ఏప్రిల్ ఎండ. ప్లాట్‌ఫాం మీద నీళ్లు అయిపోయాయి.

ఆ జమానాలో స్టేషన్లలో హిందువులకు ఒక కుండ, ముసల్మానులకు ఒక కుండ. నీళ్లు పోసేవాళ్లు కూడా వేరే. నానా ఇంటికి పరిగెత్తుకొచ్చి మట్కా అడిగితే, నానీమా బుర్ఖా వేసుకుని తనే మోసుకెళ్లింది. ఒక కిటికీలోంచి మడి చీర కట్టిన ముసలమ్మ చెంబు చాపింది. పోయాలా వద్దా అని నానీమా చెయ్యి ఆగిపోయిందంట. "పొయ్యమ్మా, బిడ్డ గొంతు ఎండిపోతోంది" అని ఆమే అడిగింది. ఎవరి కుండ అని ఆ రోజు ఎవ్వరూ అడగలేదు. కిస్సా అయిపోయాక నానీమా ఎప్పుడూ ఒకే మాట అనేది, "పానీ పానీచ్ రే."

నిరుడు మే 7న విశాఖలో, హైదరాబాద్‌లో సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేశారు. టీవీ ముందు కూర్చుని నాకు మళ్లీ ఆ మట్కానే గుర్తొచ్చింది. ముల్క్‌కు తోపులు అక్కర్లేదని నేను అనను. ఆకాశంలోంచి మౌత్ వచ్చేటప్పుడు కిందున్నవాళ్లను కాపాడేందుకు ఏదో ఒకటి ఉండాలి. కానీ తోప్‌ను చూసి ఖుషీ పడే పిల్లాడికి దాని వెనక నిలబెట్టిన పిల్లాణ్నీ, దాని కింద నీళ్ల కోసం చెంబు చాపిన ముసలమ్మనూ చూపించకపోతే తప్పు మనదే. మన ఇళ్లల్లో నానీమాలు చెప్పిన కిస్సాలు ఉన్నాయి. ఫోన్ చేతికి ఇచ్చే ముందు అవి చెప్పడం మనమే మానేశాం.

చిన్నోడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ జర్మనీ పిల్లల అమ్మీలు ఒప్పుకున్నారా అబ్బా?" అన్నాడు.

"ఎవరు అడిగారు బేటా వాళ్లను?" అన్నాను.

లోపల రొట్టెలు కాలుస్తున్న వాళ్ల అమ్మీ వైపు చూశాడు.

ప్రతి ఎండాకాలం స్టేషన్ రోడ్డులో మేం సబీల్ పెడతాం. నానీమా రోజుల నుంచీ ఉన్న అలవాటు. వీడు ఏటా ఏదో బహానా చెప్పి తప్పించుకుంటాడు. ఈసారి తనే అడిగాడు, పరీక్షలయ్యాక మట్కాలు తను నింపుతానని. ఇన్షా అల్లాహ్, ఏప్రిల్ 6న మొదటి మట్కా వాడి చేతే పెట్టిస్తాను.

ఫోన్‌లో ఆట తీసేశాడా అంటే, లేదు. నేనూ తీసెయ్యమని అడగలేదు.