రోడ్డు పైకి, ఇల్లు కిందికి

మా నాయనమ్మ ఇంట్లోకి చిన్నప్పుడు రెండు మెట్లు ఎక్కి వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తున్నాం. ఇల్లు అదే. పెరిగింది రోడ్డు.

మొదట మట్టి బాట, దాని మీద మొరం, మొరం మీద సీసీ, ఆ సీసీ పగిలాక దాని మీదే ఇంకో సీసీ. పాతది తవ్వి తీసేసి అదే ఎత్తులో కొత్తది వేయాలంటే ఖర్చెక్కువ. పైన పోసేస్తే పని అయిపోతుంది. కొబ్బరికాయ, ఫొటో, వాట్సాప్ స్టేటస్. మోరీ తీసినప్పుడు మాత్రం ఎవరూ ఫొటో దిగరు.

పోయిన వానాకాలం ఓ రాత్రి మోరీ పొంగి నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. చీకట్లో బియ్యం సంచి మంచం మీదికి లాగబోయి నాయనమ్మ జారిపడింది. మణికట్టు విరిగింది. నేను హైదరాబాద్ నుంచి వెళ్లేసరికి, చేతికి కట్టుతోనే గడప ముందు ఇసుక సంచులు పెట్టిస్తోంది. "రోడ్డు మంచిగనే ఉంది బిడ్డా, నా ఇల్లే కిందికి పోయింది" అంది.

కోపంగా పంచాయతీ ఆఫీసుకి పోయా. కార్యదర్శి నా వయసు అమ్మాయే. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం అయిపోయింది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే 15వ ఆర్థిక సంఘం నిధులు వచ్చేవి కావు. అందులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాల్సి ఉండేది. అంటే మోరీల డబ్బే ఆగింది. ట్రాక్టర్ డీజిల్‌కి ఆమే జేబులోంచి పెడుతోందట. తిడదామని వెళ్లినవాణ్ని, నోరు మూసుకుని కూర్చున్నా.

"అయినా డబ్బొచ్చినా మీ వీధి నీళ్లు పోవు, చూద్దాం రండి" అని ఆమే తీసుకెళ్లింది. మోరీ వెంబడి నడిచాం. కుంటలోకి పోవాల్సిన నీళ్లు ఓ కొత్తింటి ర్యాంపు దగ్గర ఆగాయి. కింద సన్నటి పైపు, దాని నిండా కవర్లు. ఆ ఇల్లు మా చిన్నాయనది. నాయనమ్మ చిన్న కొడుకు.

అడిగితే "పైపు వేసిన కదరా" అన్నాడు. నాయనమ్మకి ముందే తెలుసు. అందుకే ఇన్నాళ్లూ రోడ్డునే తిట్టింది.

2025 డిసెంబర్‌లో ఎన్నికలయ్యాయి. ఆ తర్వాత గ్రామసభలో లేచి, ర్యాంపు ఎవరిదో పేరు పెట్టి చెప్పా. రాసుకున్నారు. అది ఇంకా అలాగే ఉంది. చిన్నాయన నాతో మాట్లాడట్లేదు.

"వానలు పడేలోపు మాట్లాడతడు తియ్" అంటోంది నాయనమ్మ. ఇసుక సంచులు మాత్రం గడప దగ్గర్నుంచి తీయనివ్వట్లేదు.