నూనె తగ్గాలా, నిద్ర దక్కాలా?

మా ఆయనకి బి షిఫ్టు వారమైతే కొల్నార ఇంటికొచ్చేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది. అన్నం, పప్పు చల్లారిపోయి ఉంటాయి. గ్యాసు వెలిగించి అలాగే కునుకు తీస్తారని భయం, అందుకే నేను మేలుకుని ఉంటాను.

బోనస్ డబ్బుతో మైక్రోవేవ్ కొందామన్నాను. "నాన్నకి నూనె తగ్గించమన్నారు కదమ్మా, ఎయిర్ ఫ్రయ్యర్ కొను" అంది అమ్మాయి.

రాయగడ వెళ్లి రెండూ చూశాం. ఎయిర్ ఫ్రయ్యర్‌లో కాలే తీగ, దానిమీద ఫ్యాను. ఆ వేడిగాలికి చెంచా నూనెతోనే చేప వేగుతుంది గానీ పప్పు, చారు దానితో కుదరవు. మైక్రోవేవ్ పదార్థంలోని నీటిని వేడెక్కిస్తుంది. అన్నం రెండు నిమిషాల్లో పొగలు కక్కుతుంది, వడ మాత్రం మెత్తబడిపోతుంది. స్టీలు గిన్నె పెట్టకూడదు.

1400 వాట్ల ఫ్రయ్యర్ 230 వోల్టుల మీద 6 ఆంపియర్లు దాటి లాగుతుంది. మా వంటింటి ప్లగ్గు 6 ఆంపియర్లదే! అందుకే ఏది కొన్నా ముందు ఎర్తుతో 16 ఆంపియర్ల ప్లగ్గు వేయించాలనుకున్నాం.

చివరికి ఆయనే తేల్చారు: "మైక్రోవేవ్ తీసుకో. నేనే వేడి చేసుకుంటాను, నువ్వు పడుకో."

ఇప్పుడు పదింటికే పడుకుంటున్నాను. మరి నూనో? ఏ మిషనూ అక్కర్లేదు, డబ్బాలో చెంచా వేసి కొలుస్తున్నాను.