తుమ్రైత్ రోడ్డు మీద

ఒమన్‌లోని సలాలా నుంచి తుమ్రైత్ 80 కిలోమీటర్లే. నేను వెళ్లింది ఆగస్టులో. కొండ ఎక్కుతున్నంతసేపూ పొగమంచు, సన్నని జల్లు. ముందున్న బండి ఎర్ర లైట్లు తప్ప ఏమీ కనపడలేదు. శిఖరం దాటి కాస్త దిగామో లేదో ఎండ మొహాన కొట్టింది. పచ్చదనం అక్కడితో సరి. ఇక అంతా గులకరాళ్ల బయలు, మధ్యలో తాడు లాగి కట్టినట్టు తిన్నటి రోడ్డు.

తుమ్రైత్ అంటే ఒక చిన్న ఊరు, లారీలు ఆగే హోటళ్లు, ఒమన్ వైమానిక స్థావరం. 1980 ఒప్పందంతో అమెరికా సేనలకూ ఇక్కడ చోటు దొరికింది. 1990లో వాళ్ల ఎఫ్-15ఈ విమానాలు ఇక్కడే దిగాయి. 2001లో మొదలైన అఫ్ఘాన్ యుద్ధంలో బీ-1 బాంబర్లు ఇక్కణ్నుంచి కూడా లేచాయి. స్థావరం లోపలికి బయటివాళ్లను రానివ్వరు. నాకు కావలసింది ఎలాగూ బయటే ఉంది. ఆ రోడ్డే.

ఈ ధోఫార్ ప్రాంతంలో సుల్తాన్ మీద యుద్ధం సాగిన కాలంలో తిరుగుబాటుదారులు ఈ దారిని తెంపేశారు. 1973 డిసెంబరులో ఇరాన్ సేనల సాయంతో సుల్తాన్ సైన్యం మళ్లీ తెరిచింది. అప్పుడు ఇక్కడ భయమంతా మందుపాతరలతో, మాటువేసిన తుపాకులతో. ఇప్పుడు భయం నిద్రతో, వేగంతో, ఒంటెలతో. యుద్ధానికి వచ్చిన సైనికులకూ ఇలాంటి గండమే పెద్దది. 1990-91 గల్ఫ్ యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికులు 383 మంది. పోరులో పోయింది అందులో 148 మందే. తక్కిన 235 మందిలో ఎక్కువమందిని బలిగొన్నవి ప్రమాదాలు. ఇళ్లకు చేరినా గండం గడవలేదు. దాదాపు ఏడు లక్షల మంది మాజీ సైనికులను పరిశీలించి కాంగ్, బుల్‌మన్ అనే పరిశోధకులు 1996లో ఒక అధ్యయనం వెలువరించారు. యుద్ధానికి వెళ్లొచ్చినవాళ్లలో మరణాలు కొంచెం ఎక్కువ. ఆ ఎక్కువకు ప్రధాన కారణం జబ్బులు కావు, ప్రమాదాలు, ముఖ్యంగా రోడ్డు ప్రమాదాలు.

యుద్ధానికొచ్చిన చోట ఇన్ని ప్రమాదాలెందుకని ఈ ఎడారిలో నిలబడితే ఎవరినీ అడగక్కర్లేదు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు, చుట్టూ ఏమీ లేని చోటు. సెలవు దొరికితే చూడ్డానికున్నది కొండకవతల సలాలా, సముద్రం. తిరుగు ప్రయాణానికి పొద్దుపోతుంది. మలుపు లేని రోడ్డు మీద కాలు తెలియకుండానే యాక్సిలరేటర్‌ను తొక్కుతుంది.

లారీలు ఆగే హోటల్లో జగిత్యాల డ్రైవరన్న కలిశాడు. పదేళ్లుగా ఈ దారిలో నీళ్ల ట్యాంకర్ నడుపుతున్నాడు. తెలుగు వినగానే చాయ్ తెప్పించాడు. ఒంటెల సంగతి అడిగితే గ్లాసు పక్కన పెట్టి చేత్తో ఎత్తు చూపించాడు. "మన లైటు గింత కిందికే వడ్తది సార్. ఒంటె పెయ్యి గంత మీదుంటది. దగ్గరికొచ్చినంక నాలుగు కాళ్లు కనవడ్తయ్, గప్పటికి అయిపోతది."

జరిగేది సరిగ్గా అదే. కారు బంపర్ ఒంటె కాళ్లకు తగులుతుంది. నాలుగైదు క్వింటాళ్ల ఒళ్లు బానెట్ మీదుగా వచ్చి ముందు అద్దం మీద, పైకప్పు మీద పడుతుంది. దెబ్బ తగిలేది తలకూ మెడకూ. ఆ బరువుకు కప్పు కుంగితే బెల్టు పెట్టుకున్నా ప్రాణానికి పూచీ లేదు. ఆ దెబ్బ నుంచి కాపాడేది ఒక్కటే, చీకట్లో నెమ్మదిగా పోవడం.

ఒమన్ దీన్ని చూస్తూ ఊరుకోలేదు. 2012లో దేశం మొత్తమ్మీద 1,139 మంది రోడ్ల మీద చనిపోయారు. 2023 నాటికి ఆ లెక్క 595కు దిగింది. ఎడారిలో చమురు తీసే పీడీఓ కంపెనీ తన బండ్లలో వేగాన్నీ, గట్టిగా తొక్కిన బ్రేకునూ నమోదు చేసే పరికరాలు పెట్టింది. దూర ప్రయాణాలకు ముందుగా ప్రణాళిక వేసుకోవాలి, నడుమ విశ్రాంతి తీసుకోవాలి. సైన్యమైనా కాంట్రాక్టరైనా చేయాల్సిందిదే. హైమా నుంచి తుమ్రైత్ వరకు సుమారు 400 కిలోమీటర్లు ఎదురుబొదురుగా బండ్లు నడిచే ఒంటి రోడ్డే ఉండేది. దాన్ని జంట రోడ్డుగా మార్చే పనులకు 2024లో ఒప్పందాలు కుదిరాయి. అవి పూర్తయ్యేదాకా ఓవర్‌టేక్ చేసే ప్రతిసారీ గుండె చిక్కబట్టుకోవాల్సిందే.

యుద్ధంలో పోయినవాడి పేరు రాతి మీద చెక్కుతారు. సెలవు రోజు కారు బోల్తాపడి పోయినవాడిది ఒక రిపోర్టులో ముగిసిపోతుంది. అదే రోడ్డు మీద పోయిన మన ట్యాంకర్ డ్రైవర్‌ది అంతకన్నా చిన్న కాగితం. ఈ తేడా నాకు న్యాయంగా తోచలేదు. ముగ్గురినీ వాళ్ల పనే అక్కడికి తీసుకెళ్లింది.

జగిత్యాలలో, కడపలో, గోదావరి జిల్లాల్లో ఉన్న ఇంటివాళ్లకు ఒక మనవి. మనకు రాత్రి తొమ్మిదైతే అక్కడ ఏడున్నర, అప్పటికే చీకటి. ఫోన్ చేసినప్పుడు ముందు "బండి నడుపుతున్నావా?" అని అడగండి. అవునంటే వెంటనే పెట్టేయండి. ఆగాక వాళ్లే చేస్తారు.