గాలి మార్పుకి వాల్తేరు

తెల్లవారుజామున దువ్వాడ స్టేషన్లో దూరప్రాంతపు రైలు ఆగుతుంది. నిద్రకళ్లతో పిల్లల్నీ, పెట్టెల్నీ దించుకుని, వైజాగ్ వచ్చేశామన్న సంబరంతో బయటికొస్తుంది ఓ కుటుంబం. ‘బీచికి ఎంత తీసుకుంటావ్ బాబూ?’ అని అడిగితే ఆటో అబ్బాయి నవ్వుతాడు. ‘ఇక్కడ బీచేటండీ! ఇది దువ్వాడ. బీచి చాలా దూరం’ అంటాడు. నిజమే. కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్ఏడీ కూడలి... అన్నీ దాటి ఊరికి అటు చివరకు వెళితే గానీ అలల చప్పుడు వినిపించదు.

విశాఖ వెళ్లాల్సినవాళ్లు దువ్వాడలో ఎందుకు దిగాలి? రైల్వే వాళ్లని తిట్టుకునే ముందు ఒకసారి కొండల్ని చూడాలి. చెన్నై వైపు నుంచి హౌరా వెళ్లే రైలు విశాఖ స్టేషన్లోకి వెళ్లిందంటే ముందుకు దారి లేదు. ఇంజిన్ని రెండో వైపు తగిలించుకుని వచ్చిన దారినే కొంత వెనక్కి వెళ్లి, సింహాచలం కొండల్ని చుట్టుకుని పెందుర్తి, కొత్తవలస మీదుగా విజయనగరం చేరాలి. అంత తీరిక లేని రైళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడలోనే మనుషుల్ని దించేసి పక్కదారిన వెళ్లిపోతాయి. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి వరస. దక్షిణాన యారాడ కొండ. దాని కొస సముద్రంలోకి చొచ్చుకొచ్చి డాల్ఫిన్ ముక్కులా కనిపిస్తుంది. ఈ రెంటి మధ్యా ఒకప్పుడు ఉప్పుటేరు, బురద నేల. ఊరి చరిత్రంతా ఈ రెండు కొండలూ, ఈ బురదా కలిసి రాసిందే. దొరలు ఇక్కడ ఓ ‘సముద్రపు ఊరు’ కట్టుకోవడానికీ, ఆ తరవాత అది రేవు పట్నంగా మారడానికీ, ఇవాళ బీచిలో ఇసుక కరిగిపోవడానికీ కారణం అదే.

డాక్టరు రాసిచ్చిన సముద్రం

సముద్రం పక్కన విహారానికి వెళ్లడమనే అలవాటు ఇంగ్లండులోనూ మరీ పాతదేం కాదు. జాలర్లూ నావికులూ తప్ప మిగతావాళ్లు అక్కడా సముద్రానికి వీపు తిప్పి ఇళ్లు కట్టుకున్నవాళ్లే. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు గ్రంథుల జబ్బులకు సముద్రపు నీరే మందంటూ ఓ పుస్తకం రాశాడు. అందులో మునగడమే కాదు, తాగమని కూడా చెప్పాడు! డబ్బున్న రోగులు ఆయన వెంట బ్రైటన్ అనే జాలరి ఊరికి బయల్దేరారు. 1783లో యువరాజు కూడా అక్కడికి వెళ్లాడు. ఇంకేముంది, ఊరి దశ తిరిగింది. 1841లో లండన్ నుంచి రైలు పడ్డాక గుమాస్తాలూ కార్మికులూ కూడా ఆదివారం సముద్రం చూసి రావడం మొదలెట్టారు. ఆడవాళ్లు నలుగురి కంటా పడకుండా నీళ్లలోకి దిగడానికి చక్రాల మీద చెక్క గదులుండేవి. గుర్రంతో వాటిని అలల దాకా లాగించేవారు.

ఆ అలవాటున్న మనుషులే కంపెనీ కొలువు మీద విశాఖపట్నం వచ్చారు. 1682లో ఇక్కడ ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం వెలిసింది. అప్పటి పట్నమంటే ఇవాళ్టి వన్‌టౌన్, కోటవీధి పరిసరాలే. చోటు వ్యాపారానికి బాగుంది గానీ ఒంటికి మాత్రం పడలేదు. ఒక పక్క ఉప్పుటేరు, బురద, దోమలు. శత్రువుల బెడద సరేసరి. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి అడ్మిరల్ లినోయీ యుద్ధనౌకలు ఏకంగా ఊరి ముందుకే వచ్చి, ఇంగ్లిషు నౌక సెంచూరియన్‌తో తలపడ్డాయి. ఒక వర్తకనౌకను పట్టుకుపోయాయి కూడా. ఇప్పుడు జనం వేరుశనగలు కొరుకుతూ ఓడల్ని చూసే తీరంలో ఆ రోజు ఫిరంగి గుండ్లు పడ్డాయి.

ఉత్తరాన కాస్త ఎత్తు మీద ఎర్రమట్టి, రాతి నేల. నీరు నిలవదు, సముద్రపు గాలికి అడ్డు లేదు. అదే వాల్తేరు. దొరలు ఒక్కొక్కరే అక్కడికి మారిపోయారు. కింద వర్తకం, పైన నివాసం! విశాలమైన దొడ్లు, వరండాలు, చర్చి, క్లబ్బు. ఇప్పటికీ ఊళ్లో ‘అప్‌ల్యాండ్స్’ అంటే ఆ ఎత్తే. లాసన్స్ బే, డాల్ఫిన్స్ నోస్ లాంటి పేర్లు మిగిల్చి వెళ్లింది కూడా వాళ్లే. రేవు ముఖద్వారం దగ్గర పక్కపక్కనే ఉన్న మూడు కొండల మీద చర్చి, దర్గా, వేంకటేశ్వరుడి గుడి కనిపిస్తాయి. అందులో చర్చి ఉన్నదాన్ని ఇవాళ్టికీ రాస్ హిల్ అనే అంటారు.

బ్రైటన్‌లో ఉండి వాల్తేరులో లేనిది ఒకటుంది. నీళ్లలోకి నడిచి వెళ్లే చెక్క వంతెన. ఇక్కడ ఓడలు ఒడ్డుకు రాలేవు. దూరంగా లంగరేసి నిలబడేవి. మేకు అన్నది లేకుండా పలకల్ని తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో జాలర్లే మనుషుల్నీ సరుకునీ అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవారు. మేకులు కొట్టిన పడవైతే ఆ అలల దెబ్బకు పగిలిపోతుంది. కుట్టిన పడవ ఒంగుతుంది కాబట్టి తట్టుకుంటుంది. ఎంతటి గవర్నరైనా తడిసిన బట్టలతో జాలరి చెయ్యి పట్టుకుని దిగాల్సిందే.

1893లో విజయవాడ వైపు నుంచి రైలొచ్చింది. మూడేళ్లలో కటక్ దాకా దారి పూర్తయింది. అంతే, కలకత్తా బాబులకు వాల్తేరు దగ్గరైపోయింది. జ్వరపడి లేచినవాళ్లు, కాలేజీ కుర్రాళ్లు, కొత్త దంపతులు ‘గాలి మార్పు’ అంటూ దిగేవాళ్లు. ఇవాళ్టికీ సెలవుల్లో బీచిరోడ్డు మీద తెలుగు తరవాత ఎక్కువగా చెవిన పడే భాష బెంగాలీయే. స్టేషన్ పేరు కూడా చాలాకాలం వాల్తేరే. విశాఖపట్నం అని మారింది 1987లోనే. రైల్వే డివిజన్‌కు మాత్రం ఆ తరవాత కూడా ఏళ్ల తరబడి వాల్తేరు పేరే నిలిచింది.

భీమిలి మాట చెప్పకుండా ఈ కథ ముందుకు సాగదు. తీరం వెంట పాతిక కిలోమీటర్ల పైచిలుకు వెళితే వచ్చే ఆ ఊళ్లో డచ్చివాళ్లు ఉన్నారు. వాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. 1825లో ఊరు ఇంగ్లిషువాళ్ల చేతికొచ్చింది. 1861లోనే మున్సిపాలిటీ అయింది. అప్పట్లో అది ఓడలాగే రేవు. విశాఖకు అసలైన రేవు వచ్చాక దాని పని పడిపోయింది. 1978లో ‘మరోచరిత్ర’ కోసం బాలచందర్ కెమెరా పట్టుకొచ్చేదాకా తెలుగు కుటుంబాలు ఈ తీరాన్ని సరిగ్గా చూడలేదంటే తప్పులేదేమో!

రెండు ఓడల్ని ముంచి...

దొరల్ని కొండెక్కించిన బురదే ఇంజినీర్లకు బంగారంలా కనబడింది. రెండు కొండల మధ్య తుపానుగాలి తగలని చోటు... లోపల తవ్వితే రేవు సిద్ధం. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని బయటికి పంపడానికి దారి కావాలి. రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలుమార్గం 1931లో పూర్తయింది. ఉప్పుటేరును తవ్వి, బెంగాల్ నాగపూర్ రైల్వే రేవు కట్టింది. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ తొలిసారి లోపలికొచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు.

లోపలికి తవ్వడం ఒక ఎత్తు, ముఖద్వారం మూసుకుపోకుండా చూడటం ఇంకో ఎత్తు. అలలు ఇసుకను తెచ్చి దారిలో పోసేస్తున్నాయి. ఏంచేశారో తెలుసా? జానస్, వెలెడ్సన్ అనే రెండు పాత ఓడల్ని తెచ్చి, కావాలనే అక్కడ ముంచేశారు. వాటి చుట్టూ రాళ్లు పోసి అడ్డుగోడ చేశారు. డాల్ఫిన్ ముక్కు నీడలో ఇసుక ఆగడం మొదలైంది. ఓడల దారి నిలబడింది.

బీచికి చిక్కొచ్చింది కూడా అక్కడే.

కోస్తా తీరంలో ఇసుక ఒకచోట పడి ఉండదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఏటవాలుగా వచ్చి ఒడ్డును కొడతాయి. ప్రతి అలా గుప్పెడు ఇసుకను ఉత్తరంగా ఓ అడుగు జరుపుతుంది. శీతాకాలంలో గాలి తిరిగాక కొంత వెనక్కొస్తుంది. ఏడాది చివర లెక్క చూస్తే మాత్రం దక్షిణం నుంచి ఉత్తరానికి పోయిందే ఎక్కువ. అంటే ఆర్కే బీచ్ మీద ఇసుక అక్కడ పుట్టింది కాదు, దక్షిణం నుంచి నడిచి వచ్చింది. మధ్యలో గోడ కడితే రాక ఆగిపోతుంది. పోక మాత్రం ఆగదు. రాబడి లేకుండా ఖర్చు పెట్టే ఇల్లెలా ఉంటుందో ఆ బీచీ అలాగే ఉంటుంది. 1976లో బయటి హార్బరు వచ్చింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని తీసుకెళ్లే పెద్ద ఓడల కోసం ఇంకా పొడవైన గోడలు సముద్రంలోకి వెళ్లాయి. అప్పటినుంచీ ఒడ్డు కోత ఊరి కష్టాల్లో ఒకటైపోయింది.

ఇందులో వింతేంటంటే, ఇదే తగాదా బ్రైటన్ వాళ్లకూ ఉంది. వాళ్ల గులకరాళ్లు కూడా ఒడ్డు వెంట ఒక వైపుకే జరిగిపోతుంటాయి. అందుకే తీరానికి అడ్డంగా వరసగా చిన్న గోడలు కట్టుకుని రాళ్లను పట్టి ఉంచుతారు. పక్కవాడికి వెళ్లాల్సింది మనం ఆపేసుకోవడమన్నమాట! విశాఖలో దారి వేరు. గోడకు దక్షిణాన పోగైన ఇసుకను డ్రెడ్జర్‌తో తవ్వి, గొట్టాల్లోంచి ఆర్కే బీచి వైపు పోయడం దశాబ్దాలుగా సాగుతున్న పద్ధతి. అల తేలేనిదాన్ని యంత్రం తెచ్చి పోస్తోంది. పోయడంలో ఆలస్యమైతే బీచిరోడ్డు గోడ పునాదులు బయటపడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ గోడా, రోడ్డూ ఎక్కడికక్కడ విరిగిపడ్డాయి. ముందు ఇసుక మేట ఉంటే అలల బలం సగం దాని మీదే తీరిపోయేది. బీచి ఉన్నది షికారుకే కాదు, ఊరికి అది కూడా ఒక గోడే.

రేవు వచ్చినందుకు ఊరు నష్టపోయిందనడం కూడా సరికాదు. రేవు ఉంది కాబట్టే 1941లో ఓడల కార్ఖానాకు పునాది పడింది. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా ‘జలఉష’ నీళ్లలోకి దిగింది. రేవు ఉంది కాబట్టే ఉక్కు కర్మాగారాన్ని ఇక్కడ అడగగలిగారు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చాక, 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశాక, దువ్వాడ పక్కన పొలాలున్న చోట కొలిమి వెలిగింది. ఉక్కునగరం పిల్లల ఫీజులు కట్టిందీ, గాజువాకలో మేడలు లేపిందీ ఆ బురదలో తవ్విన రేవే. రేవు ఉంది కాబట్టే 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులూ పడ్డాయనుకోండి! ఊరు సగం ఖాళీ అయింది. వాల్తేరు ఎత్తు మీదున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం కొన్నాళ్లు గుంటూరులో తలదాచుకుంది.

చూడ్డానికి అందం, దిగితే...

బ్రైటన్, బ్లాక్‌పూల్ లాంటి ఊళ్లను 1970ల తరవాత వాళ్ల జనమే వదిలేశారు. చౌక విమానాలొచ్చాక ఎండ కోసం స్పెయిన్‌కు ఎగిరిపోయారు. 1975లో మూసేసిన బ్రైటన్ పడమటి వంతెన 2003లో కాలిపోయి, ఇనుప ఎముకలతో నీళ్లలో నిలబడింది. విశాఖకు ఆ బాధ లేదు. జనం పెరుగుతూనే ఉన్నారు. 2002 నుంచి ఒడ్డున కురుసుర జలాంతర్గామి ఉంది. 2017లో దాని ఎదుట ఓ పెద్ద విమానం వచ్చి చేరింది. రుషికొండకు 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపొచ్చింది. సాయంత్రమైతే మురీ మిక్చర్ బండి ముందు నిలబడ్డానికి చోటుండదు.

లేనిదల్లా భయం. ఆర్కే బీచిలో ఒడ్డు ఏటవాలు. రెండడుగులు వేస్తే మోకాలు, నాలుగో అడుగుకి నడుము. ఒడ్డుకొచ్చిన నీరంతా ఏదో ఒక సన్నని దారి చూసుకుని బలంగా లోపలికి తిరిగిపోతుంది. చుట్టూ అలలు విరుగుతుంటే ఆ దారిలో మాత్రం నీరు నెమ్మదిగా, సాఫీగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు ‘ఇక్కడ అలల్లేవు, రండ్రా’ అని సరిగ్గా అక్కడే దిగుతారు. పరీక్షలైపోయిన కుర్రాళ్ల గుంపులు ఒకరో ఇద్దరో తక్కువై ఇంటికెళ్లిన వార్త ఏటా ఈ పత్రికల్లోనే చదువుతున్నాం. ఆ లాగుడులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ సన్నని దారి దాటాక అలలతోపాటు వెనక్కి రావాలి. జాలారిపేట పిల్లాడికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. దువ్వాడలో రైలు దిగిన పిల్లాడికి చెప్పేవాళ్లెవరు? హెచ్చరిక బోర్డులున్నాయి. వాటి కింద నిలబడే జనం ఫొటోలు దిగుతారు.

దొరలు డాక్టరు చెప్పాడని సముద్రంలో మునిగారు గానీ, తెలుగువాళ్లకు అందుకు తిథి కావాలి. శివరాత్రి జాగారం చేసిన మర్నాడు, కార్తీక పౌర్ణమి నాడు ఈ ఒడ్డంతా తడిబట్టలే. అన్నిటికన్నా పెద్దది ఆషాఢ పౌర్ణమి ముందటి సింహాచలం గిరి ప్రదక్షిణ. రైలును చుట్టూ తిప్పిన ఆ కొండల్నే జనం కాలినడకన చుట్టొస్తారు. ముప్పై రెండు కిలోమీటర్లు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన వాళ్లు అడవివరం, హనుమంతవాక దాటి అప్పూఘర్ దగ్గర సముద్రం కనపడగానే ఆగుతారు. అది సరిగ్గా నైరుతి అలలు ఇసుకను ఉత్తరానికి నెట్టే కాలం. ముసలమ్మలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసగా నిలబడి, అల వచ్చినప్పుడు మూడుసార్లు తల వంచి, కొంగు పిండుకుని మళ్లీ నడక మొదలెడతారు. ఇంకా సగం కొండ మిగిలే ఉంటుంది.