నానమ్మ కలబంద

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. బట్టల మిల్లుల్లో, మరమగ్గాల మీద పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లే ఎక్కువ. మేమూ సిరిసిల్ల నుంచి అలాగే వచ్చాం. దిష్టి తగలకుండా మా గుమ్మానికి కలబందను తలకిందులుగా వేలాడదీస్తాం. మట్టీ నీరూ లేకపోయినా అది నెలల తరబడి పచ్చగానే ఉంటుంది.

నానమ్మ ఊరికి తిరిగి వెళ్తూ తన కలబంద కుండీని మా అక్కాచెల్లెళ్లకు అప్పగించింది. మేము ప్రేమకొద్దీ రోజూ రెండు పూటలా నీళ్లు పోశాం. పైగా వానలు మొదలయ్యాయి. జూలైలో ఒకరోజు చూస్తే ఆకులు మొదట్లో మెత్తబడి, పట్టుకోగానే ఊడివచ్చాయి. నానమ్మకు చెప్పాలంటే భయం వేసింది. రెండు ఆకులు కోసి మట్టిలో గుచ్చాం. అవీ కుళ్లిపోయాయి.

చివరికి ఫోన్ చేసి నిజం చెప్పాం. నానమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆకు నాటితే రాదు బిడ్డా, పిలక నాటాలె. మొదట్ల చూడుండ్రి" అంది.

కుండీ బోర్లిస్తే తల్లి మొక్క పక్కన మూడు పిలకలు కనిపించాయి. వేర్లు తెగకుండా విడదీసి, గాయం ఆరేదాకా మూడు రోజులు నీడలో ఉంచాం. అడుగున చిల్లులున్న కుండీల్లో, ఇసుక కలిపిన మట్టిలో నాటాం. వారం రోజులు నీళ్లు పోయలేదు. మాకు అదే అన్నిటికన్నా కష్టమైంది!

కారణం సైన్స్ టీచర్ చెప్పారు. కలబంద పత్రరంధ్రాలు ముఖ్యంగా రాత్రిపూట తెరుచుకుంటాయి. పగటి ఎండకు నీరు ఎక్కువగా ఆవిరి కాదు. దళసరి ఆకుల గుజ్జులో నీరు దాచుకుంటుంది. అందుకే మట్టి బాగా ఆరాకే మళ్లీ నీళ్లు పోయాలి.

వేర్లు సరిగా లేని పిలక ఎండిపోయింది. రెండు బతికాయి. ఒకటి ఎదురింటి గుజరాతీ బాకు ఇచ్చాం. ఆమె దాన్ని 'కుంవార్‌పాఠు' అంటారు. రెండోది మా దగ్గరే పెరిగి, మళ్లీ పిలక వేసింది.

వేసవి సెలవుల్లో ఆ పిలకను కాగితంలో చుట్టి, రైల్లో సిరిసిల్ల తీసుకెళ్లాం. నానమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నా చెట్టు మనుమరాలే" అని నవ్వింది. ఆ సాయంత్రమే పెరట్లో నాటింది. నీళ్లు మాత్రం మమ్మల్ని పోయనివ్వలేదు.